ఇంటి కంప్యూటరుకు మారని నంబరు
(సంఘ కార్యదర్శులకు, పాల పరీక్షకులకు, సభ్యులకు శిక్షణ పాఠం)

పాలకేంద్రంలోకి కంప్యూటరు వచ్చిన తరువాత తూకం, వెన్న శాతం, ధర, చీటీ అన్నీ ఒక వరుసలో జరిగిపోతున్నాయి. చాలా గ్రామాలలో ఈ కంప్యూటరు కార్యదర్శి ఇంటిలోనే ఉంటుంది. రెండు పూటలా పాల లెక్కకు అదే, మిగతా వేళల్లో ఇంటి పనులకు, పిల్లల చదువుకు అదే. దానికి తోడు చీటీలు తీసే ప్రింటరు ఒకటి, కొన్ని చోట్ల బిల్లులు వేయడానికి రెండవ కంప్యూటరు, ఇంకొన్ని చోట్ల కెమెరా పెట్టె ఉంటున్నాయి. వీటన్నింటినీ కలిపేది రూటరు అనే చిన్న పెట్టె.

ఈ సాధనాలు ఒకదానినొకటి గుర్తుపట్టేది నంబరుతో. నిన్నటి వరకు ఉన్న నంబరు ఈ రోజు మారిపోతే బిల్లుల కంప్యూటరుకు సేకరణ కంప్యూటరు కనిపించదు, కంప్యూటరుకు ప్రింటరు దొరకదు. యంత్రాలన్నీ బాగానే ఉంటాయి, పని మాత్రం జరగదు. వరుసలో నిలబడిన సభ్యులకు ఇది అర్థం కాదు. "మిషను చెడిపోయింది" అనుకుంటారు.

దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. చీటీ రాని పూట లెక్క చేతితో రాసుకుని, తరువాత కంప్యూటరులో ఎక్కించవలసి వస్తుంది. అలా ఎక్కించేటప్పుడు ఒక్క అంకె తారుమారైతే చాలు. 5 కిలోల గేదె పాలకు వెన్న 6.8 శాతం బదులు 6.3 శాతం అని పడితే, ఆ ఒక్క పూటకే 25 గ్రాముల వెన్న ఆ సభ్యుని ఖాతాలో తగ్గిపోతుంది. నష్టపోయిన సభ్యునికి ఆ సంగతి తెలియకపోవచ్చు. తెలిస్తే సంఘంపై నమ్మకం పోతుంది. కావున కంప్యూటరుకు మారని నంబరు ఇచ్చే పద్ధతిని ప్రతి సంఘంలో కనీసం ఇద్దరు నేర్చుకుని ఉండడం మంచిది. ఇది గంటలోపు పని. పైసా ఖర్చు లేదు.

నంబరు అంటే ఏమిటి?

నెట్‌వర్కులో ఉన్న ప్రతి సాధనానికీ ఒక చిరునామా ఉంటుంది. దీనినే ఐపీ అడ్రసు అంటారు. ఇప్పటికీ ఇళ్ళలో ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతి ఐపీ వెర్షన్ 4. దాని నియమాలు 1981లో ఖరారయ్యాయి. ఈ పద్ధతిలో చిరునామా అంటే చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు. ఉదాహరణకు: 192.168.1.20.

ఈ నాలుగింటిలో ఏ సంఖ్య అయినా 0 నుండి 255 వరకే ఉండాలి. 256 అనేది ఉండదు. ఈ లెక్కన మొత్తం సుమారు 429 కోట్ల చిరునామాలు వస్తాయి. ప్రపంచ జనాభాయే 800 కోట్లు దాటింది. ఫోనుకొకటి, కంప్యూటరుకొకటి ఇవ్వాలంటే ఇవి ఏ మూలకూ చాలవు. పంచవలసిన చిరునామాల కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది.

ఈ కొరతను ముందే ఊహించి, ఇళ్ళలోను, కార్యాలయాలలోను లోపలి వాడకానికని మూడు వరుసలను విడిగా కేటాయించారు. 1996లో స్థిరపడిన ఆ వరుసలు ఇవి:

1. 10.0.0.0 నుండి 10.255.255.255 వరకు
2. 172.16.0.0 నుండి 172.31.255.255 వరకు
3. 192.168.0.0 నుండి 192.168.255.255 వరకు

వీటిని ఎవరైనా, ఎవరినీ అడగకుండా వాడుకోవచ్చు. మన ఇళ్ళలోని రూటర్లు ఎక్కువగా మూడవ వరుసను వాడుతాయి. ఒకే నంబరు రెండు ఊళ్ళలో ఉంటే తగాదా రాదా అనే సందేహం కలుగవచ్చు. రాదు. మన సంఘంలో 20వ నంబరు సభ్యుడు ఉన్నాడు. పక్క ఊరి సంఘంలోనూ 20వ నంబరు సభ్యుడు ఉన్నాడు. ఎవరి లెక్క వారి సంఘం పుస్తకంలోనే ఉంటుంది కనుక చిక్కు లేదు. ఇదీ అంతే.

వరుసలో స్థానం వేరు, సభ్యత్వ సంఖ్య వేరు

ఉదయం పాలు పోయడానికి వచ్చినవారు వచ్చిన క్రమంలో వరుసలో నిలబడతారు. ఈ రోజు మూడవవారు రేపు పదవవారు కావచ్చు. కాని సభ్యత్వ సంఖ్య ఏ రోజూ మారదు. పాస్ పుస్తకంలోను, చీటీలోను, బిల్లులోను అదే సంఖ్య. వరుసలో స్థానాన్ని బట్టి బిల్లు వేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

కంప్యూటర్లకు కూడా నంబరు ఈ రెండు విధాలుగా వస్తుంది.

మొదటి విధానంలో రూటరే నంబర్లను పంచుతుంది. దీనిని డీహెచ్‌సీపీ అంటారు. కంప్యూటరు ఆన్ కాగానే "నాకొక నంబరు కావాలి" అని అడుగుతుంది. రూటరు తన వద్ద ఖాళీగా ఉన్న నంబరును కొంత గడువుకు ఇస్తుంది. గడువు సగం గడవగానే కంప్యూటరు మళ్ళీ అడిగి పొడిగించుకుంటుంది. ఫోన్లకు, చుట్టాలు తెచ్చే ల్యాప్‌టాప్‌లకు ఈ విధానమే సరైనది.

రెండవది స్థిర చిరునామా. అనగా ఫలానా కంప్యూటరుకు ఫలానా నంబరు అని మనమే నిర్ణయించి అమర్చడం. ఇతర సాధనాలు ఏ కంప్యూటరును వెతుక్కుంటూ రావాలో ఆ కంప్యూటరుకు ఇది అవసరం. ప్రింటరుకు కూడా అవసరమే.

"మా దగ్గర రూటరే నంబరు ఇస్తున్నది, ఆరు నెలలుగా ఏ చిక్కూ రాలేదు" అని కొందరు అనవచ్చు. నిజమే. కంప్యూటరు సాధారణంగా తన పాత నంబరునే మళ్ళీ అడుగుతుంది. ఖాళీగా ఉంటే రూటరు అదే ఇస్తుంది. కాని దీనికి హామీ లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని రూటర్లు ఎవరికి ఏ నంబరు ఇచ్చామో మరచిపోతాయి. ఆ సమయంలో ఒక ఫోను ముందుగా వచ్చి ఆ నంబరును తీసుకుంటే కంప్యూటరుకు వేరే నంబరు వస్తుంది. పండుగకు నాలుగు రోజులు కంప్యూటరు ఆపి ఉంచినా గడువు తీరి ఇలా జరగవచ్చు. నెలల తరబడి బాగా నడిచి, ఒకనాటి పొద్దున హఠాత్తుగా ఆగిపోవడానికి కారణం ఎక్కువగా ఇదే.

ఒక ముఖ్య గమనిక: తూకం యంత్రం, పాల పరీక్ష యంత్రం సీరియల్ తీగతో గాని, యూఎస్‌బీ తీగతో గాని నేరుగా కంప్యూటరుకు కలిపి ఉంటే వాటికి ఈ నంబర్లతో సంబంధం లేదు. తూకం రాకపోతే తీగను చూడాలి గాని ఈ పాఠంలోని అమరికలను మార్చరాదు.

తెలుసుకోవలసిన నాలుగు వివరాలు

స్థిర చిరునామా అమర్చడానికి నాలుగు వివరాలు కావాలి.

1. ఐపీ అడ్రసు: ఇది కంప్యూటరు సొంత నంబరు. మన ఉదాహరణలో 192.168.1.20.

2. సబ్‌నెట్ మాస్కు: నంబరులో ఊరు ఎంతవరకు, మనిషి ఎంతవరకు అని చెప్పేది ఇది. ఇళ్ళలో సాధారణంగా 255.255.255.0 ఉంటుంది. దీని అర్థం మొదటి మూడు సంఖ్యలు సంఘం కోడు వంటివి, చివరి సంఖ్య సభ్యత్వ సంఖ్య వంటిది. ఒకే ఇంటి నెట్‌వర్కులోని సాధనాలన్నింటికీ మొదటి మూడు సంఖ్యలు ఒక్కటిగానే ఉండాలి. చివరి సంఖ్య మాత్రం ఏ రెండింటికీ ఒక్కటి కారాదు. చివరి సంఖ్యగా 0 వాడరాదు, అది నెట్‌వర్కుకే గుర్తు. 255 కూడా వాడరాదు, అది దండోరా నంబరు. దానికి పంపిన కబురు అందరికీ చేరుతుంది. ఇక మిగిలినవి 1 నుండి 254 వరకు. ఒక ఇంటికి ఇవి చాలినన్ని.

3. గేట్‌వే: ఇది రూటరు నంబరు. మన ఊరి పాలు శీతలీకరణ కేంద్రం ద్వారానే డెయిరీకి వెళ్ళినట్లు, ఇల్లు దాటి బయటికి పోయే సమాచారమంతా గేట్‌వే ద్వారానే వెళ్తుంది. ఇది తరచుగా 192.168.1.1 గాని, 192.168.0.1 గాని అయి ఉంటుంది. ఊహించి వేయరాదు. చూసి రాసుకోవాలి.

4. డీఎన్ఎస్: బయటి పేర్లను నంబర్లుగా మార్చి చెప్పే సాధనం ఇది. సభ్యుల పేర్ల పట్టికలో పేరు చూసి సంఖ్య చెప్పడం వంటిది. ఇక్కడ రూటరు నంబరునే వేయవచ్చు. రెండవ గడిలో గూగుల్ వారు 2009 నుండి అందరికీ ఉచితంగా అందిస్తున్న 8.8.8.8 వేసుకోవచ్చు.

మొదటి పని: ఉన్నది ఉన్నట్లు రాసుకోవడం

ఏ అమరికనైనా మార్చేముందు పాతదానిని కాగితం మీద రాసుకోవాలి. కొత్త పశువును కొన్నప్పుడు పాత యజమాని ఏ మేత, ఎంత పెట్టేవాడో అడిగి తెలుసుకుంటాము గదా. ఇదీ అటువంటి జాగ్రత్తే.

విండోస్ గుర్తు ఉన్న మీటను నొక్కి పట్టుకుని ఆర్ అక్షరం నొక్కాలి. చిన్న గడి తెరుచుకుంటుంది. అందులో సి, ఎం, డి అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఎంటరు నొక్కాలి. నల్లని కిటికీ వస్తుంది. అందులో ఐ, పి, సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి అక్షరాలు వరుసగా కొట్టి, ఒక ఖాళీ వదిలి, వాలు గీత, దాని వెంటనే ఏ, ఎల్, ఎల్ కొట్టి ఎంటరు నొక్కాలి. వాలు గీత అంటే ప్రశ్నార్థకం ఉన్న మీట మీద ఉండే గీత.

తెర మీద చాలా వరుసలు వస్తాయి. వీటిలో వాడుకలో ఉన్న కనెక్షను కింద ఐపీవీ4 అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, డీఫాల్ట్ గేట్‌వే, డీఎన్ఎస్ సర్వర్స్, ఫిజికల్ అడ్రస్ అనే అయిదింటిని చూసి రాసుకోవాలి. "డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్" అన్న చోట "ఎస్" అని ఉంటే ప్రస్తుతం రూటరే నంబరు ఇస్తున్నదని అర్థం.

తీగతో కలిపిన కనెక్షను వేరు, వైఫై వేరు. రెండింటికీ విడివిడిగా నంబర్లు ఉంటాయి. తీగ కనెక్షనుకు స్థిర చిరునామా ఇచ్చి, తరువాత తీగ పీకి వైఫై వాడితే ఆ నంబరు పనిచేయదు. వీలైనంతవరకు సేకరణ కంప్యూటరును తీగతోనే రూటరుకు కలపడం మేలు.

రెండవ పని: నంబరును ఎంచుకోవడం

అసలు మెలకువ అంతా ఇందులోనే ఉంది. రూటరు తాను పంచే నంబర్లకు ఒక హద్దు పెట్టుకుంటుంది. ఆ హద్దులోని నంబరును మనం స్థిరంగా వాడుకుంటే, ఏదో ఒక రోజు రూటరు అదే నంబరును మరొక ఫోనుకు ఇచ్చే ప్రమాదం ఉంది. రెండు సాధనాలకు ఒకే నంబరు పడితే ఇద్దరు సభ్యులకు ఒకే సంఖ్య ఇచ్చినట్లే. ఒకరి కబురు మరొకరికి పోతుంది. కాసేపు పనిచేసి కాసేపు ఆగుతుంది.

ఆ హద్దు తెలుసుకోవడానికి బ్రౌజరులో రూటరు నంబరును కొట్టి ఎంటరు నొక్కాలి. రూటరు పేజీ వస్తుంది. లోనికి వెళ్ళడానికి కావలసిన పేరు, రహస్యపదం చాలా రూటర్లకు అడుగున అంటించిన కాగితంపై ఉంటాయి. లోపల డీహెచ్‌సీపీ అన్న పేజీలో మొదటి నంబరు, చివరి నంబరు కనిపిస్తాయి. ఉదాహరణకు 192.168.1.100 నుండి 192.168.1.199 వరకు ఉందనుకుందాం. అప్పుడు 2 నుండి 99 వరకు గల సంఖ్యలను మనం నిశ్చింతగా వాడుకోవచ్చు.

కొన్ని రూటర్లలో హద్దు 2 నుండి 254 వరకు, అంటే మొత్తం రూటరు చేతిలోనే ఉంటుంది. అటువంటప్పుడు మొదటి నంబరును 100కు మార్చి భద్రపరచాలి. ఆపైన మన నంబర్లను ఎంచుకోవాలి.

ఎంచుకున్న నంబరు ఖాళీయేనా అని పరీక్షించడానికి నల్ల కిటికీలో పి, ఐ, ఎన్, జి అక్షరాలు, ఒక ఖాళీ, ఆ నంబరు కొట్టి చూడవచ్చు. జవాబు వస్తే ఆ నంబరు ఎవరి చేతిలోనో ఉన్నట్లు. జవాబు రాకపోతే మాత్రం ఖాళీ అని గట్టిగా చెప్పలేము. ఆ సాధనం ఆపి ఉండవచ్చు, లేదా జవాబివ్వకుండా దానిలో కట్టడి ఉండవచ్చు. కావున రూటరు హద్దు బయట ఎంచుకోవడం, ఇచ్చిన ప్రతి నంబరునూ పుస్తకంలో రాయడం, ఈ రెండే నమ్మదగిన పద్ధతులు.

మూడవ పని: అమర్చడం

పాల సేకరణ జరిగే వేళ ఈ పని పెట్టుకోరాదు. ఉదయం వ్యాను వెళ్ళిన తరువాత, మధ్యాహ్నంలోగా పూర్తిచేయాలి. కంప్యూటరులో అడ్మినిస్ట్రేటరు అధికారం ఉన్నవారే చేయగలరు.

1. సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ అన్నదానిలోకి వెళ్ళాలి.

2. తీగ అయితే ఈథర్‌నెట్ మీద, వైఫై అయితే మనం వాడే వైఫై పేరు గల ప్రాపర్టీస్ మీద నొక్కాలి.

3. విండోస్ 11లో ఐపీ అసైన్‌మెంట్ అని, విండోస్ 10లో ఐపీ సెట్టింగ్స్ అని ఉంటుంది. దాని పక్కన గాని, కింద గాని ఉన్న ఎడిట్ నొక్కాలి.

4. ఆటోమేటిక్ అని ఉన్నదానిని మాన్యువల్‌గా మార్చి, ఐపీవీ4 మీటను ఆన్ చేయాలి. ఐపీవీ6 మీటను ముట్టుకోనవసరం లేదు.

5. ఐపీ అడ్రస్ గడిలో 192.168.1.20 వేయాలి.

6. తరువాతి గడి పేరు సబ్‌నెట్ మాస్క్ అయితే 255.255.255.0 వేయాలి. సబ్‌నెట్ ప్రిఫిక్స్ లెంగ్త్ అయితే 24 వేయాలి. రెండూ ఒక్కటే. నాలుగు సంఖ్యలలో ఒక్కొక్కటి 8 గుర్తులతో తయారవుతుంది. మూడు సంఖ్యలు కలిస్తే 24.

7. గేట్‌వే గడిలో 192.168.1.1, ప్రిఫర్డ్ డీఎన్ఎస్ గడిలో 192.168.1.1, ఆల్టర్నేట్ డీఎన్ఎస్ గడిలో 8.8.8.8 వేయాలి.

8. ప్రతి గడిని పాత కాగితంతో మరొకసారి సరిచూసుకుని సేవ్ నొక్కాలి.

విండోస్ 10కు తయారీదారుల సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పై పద్ధతి దానిలోనూ పనిచేస్తుంది గాని, సంఘం లెక్కలు ఉన్న కంప్యూటరును వీలు చూసుకుని కొత్త విండోస్‌కు మార్చుకోవడం క్షేమం.

రెండవ మార్గం: రూటరులోనే కేటాయించడం

కంప్యూటరులో ఏదీ మార్చకుండా రూటరుతోనే "ఈ కంప్యూటరు వస్తే ఎప్పుడూ ఈ నంబరే ఇవ్వు" అని చెప్పి ఉంచవచ్చు. దీనిని అడ్రస్ రిజర్వేషను అంటారు. రూటరు ఆ కంప్యూటరును దాని ఫిజికల్ అడ్రస్‌ను బట్టి గుర్తుపడుతుంది. పశువు చెవికి వేసిన పోగు వంటిది ఇది. 0 నుండి 9 వరకు అంకెలు, ఏ నుండి ఎఫ్ వరకు అక్షరాలతో ఆరు జంటలుగా ఉంటుంది. మొదటి పనిలో దీనిని రాసుకున్నాము.

రూటరు పేజీలో డీహెచ్‌సీపీ భాగంలో రిజర్వేషను అన్నచోట ఆ ఫిజికల్ అడ్రస్‌ను, ఇవ్వదలచిన నంబరును వేసి భద్రపరచాలి. తరువాత కంప్యూటరును ఒకసారి ఆపి మళ్ళీ పెట్టాలి. ఈ మార్గంలో వైఫై వాడేవారు విండోస్‌లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ అన్న మీట ఆఫ్‌లో ఉండేలా చూసుకోవాలి. అది ఆన్‌లో ఉంటే చెవిపోగు మార్చుకుని వచ్చినట్లే, రూటరు గుర్తుపట్టలేదు.

ఎప్పుడూ ఒకే చోట ఉండే కంప్యూటరుకు రెండు మార్గాలూ మంచివే. ఊరూరా తీసుకువెళ్ళే ల్యాప్‌టాప్‌కు ఈ రెండవ మార్గమే మేలు. దానిలో స్థిర చిరునామా వేసి మరొక చోటికి తీసుకువెళ్తే అక్కడ ఇంటర్నెట్ రాకపోవచ్చు.

నాలుగవ పని: సరిచూడడం

పని అయిపోయిందని లేచిపోరాదు. ఈ క్రమంలో సరిచూడాలి.

1. మొదట నల్ల కిటికీలో మళ్ళీ వివరాలు తెప్పించి చూడాలి. కొత్త నంబరు కనిపించాలి. మన చేతితో అమర్చినట్లయితే "డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్" ఎదుట "నో" అని ఉండాలి.

2. రూటరు నంబరుకు పింగ్ చేయాలి. విండోస్ నాలుగు సార్లు పంపి నాలుగు జవాబులు చూపుతుంది. "రిప్లై ఫ్రమ్" అని వస్తే మంచిదే. అయితే అదే వరుస చివర "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని ఉంటే అది జవాబు కాదు. మన కంప్యూటరే "చేరలేకపోయాను" అని చెబుతున్నది. "రిప్లై" అన్న మాట చూసి సంబరపడరాదు.

3. 8.8.8.8కు పింగ్ చేయాలి. జవాబు వస్తే గేట్‌వే సరిగా ఉన్నట్లు.

4. బ్రౌజరులో ఏదైనా ఒక పేజీ తెరవాలి. తెరుచుకుంటే డీఎన్ఎస్ సరిగా ఉన్నట్లు.

5. బిల్లుల కంప్యూటరు నుండి సేకరణ కంప్యూటరులోని లెక్క తెరవాలి. ఒక నమూనా చీటీ ప్రింటు తీయాలి.

6. చివరగా రూటరును, కంప్యూటరును ఆపి, రెండు నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టి, మళ్ళీ చీటీ తీయాలి. కరెంటు పోయి వచ్చినా పనిచేస్తుందని తెలిసేది ఈ పరీక్షతోనే.

తేడాలు, కారణాలు

రూటరు దొరకడం లేదు: మొదటి మూడు సంఖ్యలు రూటరు సంఖ్యలతో సరిపోలేదు. లేదా తీగ వదులైంది.

ఇంట్లోని ప్రింటరు పనిచేస్తుంది గాని ఇంటర్నెట్ రాదు: గేట్‌వే తప్పు.

8.8.8.8 జవాబిస్తుంది గాని పేజీలు తెరుచుకోవు: డీఎన్ఎస్ తప్పు.

కాసేపు పనిచేసి కాసేపు ఆగుతుంది: మరొక సాధనానికి అదే నంబరు ఉండే అవకాశం ఉంది. విండోస్ ఒక్కొక్కసారి ఈ సంగతిని తెర మీద చెబుతుంది.

169.254తో మొదలయ్యే నంబరు కనిపిస్తుంది: కంప్యూటరు ఆటోమేటిక్‌లో ఉండి, నంబరు ఇచ్చేవారు దొరకక తానే ఒకటి పెట్టుకుంది. రూటరును, తీగను చూడాలి.

ఇంటర్నెట్ వస్తుంది గాని రెండవ కంప్యూటరుకు లెక్క తెరుచుకోదు: విండోస్ ఈ నెట్‌వర్కును పబ్లిక్‌గా భావించి తలుపు మూసి ఉండవచ్చు. ఈథర్‌నెట్ పేజీలోనే నెట్‌వర్క్ ప్రొఫైల్‌ను ప్రైవేట్‌గా మార్చాలి. ఇంటి నెట్‌వర్కులో మాత్రమే ఇలా చేయాలి.

కొత్త రూటరు పెట్టిన రోజు నుండి ఏదీ పనిచేయదు: ఇది చాలా చోట్ల ఎదురయ్యే చిక్కు. పాత రూటరు నంబరు 192.168.1.1 అయితే కొత్తదాని నంబరు 192.168.0.1 కావచ్చు. అప్పుడు మనం స్థిరంగా అమర్చినవన్నీ పాత ఊరిలోనే ఉండిపోతాయి. కొత్త రూటరు లోపలి నంబరును పాత నంబరుకు మార్చి, పంచే హద్దును కూడా పాత విధంగానే పెడితే అన్నీ మళ్ళీ కలుస్తాయి. రూటరు మార్చడానికి వచ్చిన మనిషి వెళ్ళిపోకముందే నమూనా చీటీ తీసి చూడాలి.

ఏదీ తోచనప్పుడు ఎడిట్ నొక్కి మాన్యువల్‌ను తిరిగి ఆటోమేటిక్‌గా మార్చి భద్రపరచాలి. కంప్యూటరు మునుపటి స్థితికి వస్తుంది. రూటరులోనే కేటాయించినవారు ఆ రిజర్వేషనును తీసివేయాలి.

నంబర్ల పుస్తకం

సంఘంలో సభ్యుల రిజిస్టరు ఉన్నట్లే సాధనాల నంబర్లకూ ఒక పేజీ ఉండాలి. నమూనా:

రూటరు: 192.168.1.1
సేకరణ కంప్యూటరు: 192.168.1.20
బిల్లుల కంప్యూటరు: 192.168.1.21
చీటీల ప్రింటరు: 192.168.1.30
కెమెరా పెట్టె: 192.168.1.40
రూటరు పంచేవి: 192.168.1.100 నుండి 192.168.1.199 వరకు

పక్కన తేదీ, అమర్చినవారి సంతకం ఉండాలి. దీని నకలు ఒకటి అట్ట మీద అంటించి కంప్యూటరు దగ్గర వేలాడదీయాలి. రహస్యపదాలను మాత్రం అట్ట మీద రాయరాదు. వాటిని కార్యదర్శి, అధ్యక్షుడు విడిగా భద్రపరచుకోవాలి. కార్యదర్శి మారిన రోజు ఈ పేజీ కూడా చేతులు మారాలి. పుస్తకం లేని సంఘంలో తెలిసినవాడు ఊరు వెళ్తే పని ఆగిపోతుంది.

జాగ్రత్తలు

ఇంటర్నెట్ కంపెనీలు నెలకు అదనపు రుసుముపై "స్టాటిక్ ఐపీ" అని ఒకటి ఇస్తాయి. అది బయటి ప్రపంచానికి కనిపించే నంబరు. ఈ పాఠంలో చెప్పినది ఇంటి లోపలి నంబరు. రెండూ వేరు. లోపలి పనికి ఆ రుసుము కట్టనక్కరలేదు.

లోపలి నంబరు స్థిరంగా ఉన్నంత మాత్రాన బయటివారు మన కంప్యూటరులోకి రాలేరు. కాని ఎవరైనా "ఎక్కడి నుండైనా లెక్క చూసుకోవచ్చు" అని చెప్పి రూటరులో పోర్ట్ ఫార్వర్డింగ్ అనే తలుపు తెరిపిస్తే ప్రమాదం. సభ్యుల పాల లెక్కలు, బ్యాంకు ఖాతా సంఖ్యలు అందులో ఉంటాయి. యూనియను కంప్యూటరు విభాగం అనుమతి లేకుండా దీనికి ఒప్పుకోరాదు. రూటరుతో వచ్చిన రహస్యపదాన్ని మొదటి రోజే మార్చాలి. వచ్చిపోయేవారి ఫోన్లకు గెస్ట్ వైఫై ఉంటే అదే ఇవ్వాలి.

కంప్యూటరుకు యూపీఎస్ పెట్టి రూటరును మరచిపోయే సంఘాలు ఉన్నాయి. కరెంటు పోతే కంప్యూటరు వెలుగుతూనే ఉంటుంది, ప్రింటరుకు దారి మాత్రం ఉండదు. రూటరును కూడా అదే యూపీఎస్‌కు కలపాలి.

అభ్యాసం

1. 192.168.1.256 అనే నంబరును కంప్యూటరుకు ఇవ్వవచ్చునా?
2. రూటరు 192.168.0.1, కంప్యూటరు 192.168.1.20, మాస్కు 255.255.255.0. ఇవి కలుస్తాయా?
3. రూటరు 192.168.1.100 నుండి 199 వరకు పంచుతున్నది. ప్రింటరుకు 192.168.1.150 అని స్థిరంగా ఇచ్చారు. మొదటి నెలలో చిక్కు రాలేదు. ఇది సరైనదేనా?
4. సేకరణ కంప్యూటరులో తూకం పడడం లేదు. తూకం యంత్రం సీరియల్ తీగతో కలిపి ఉంది. ఐపీ అడ్రసు మార్చాలా?

జవాబులు: 1. ఇవ్వరాదు, 255కు మించిన సంఖ్య లేదు. 2. కలవవు. మూడవ సంఖ్య వేరుగా ఉంది. 3. సరికాదు. ఏదో ఒక రోజు రూటరు 150ని మరొక సాధనానికి ఇవ్వవచ్చు. హద్దు బయట నంబరు ఎంచుకోవాలి, లేదా రూటరులో రిజర్వేషను చేయాలి. 4. మార్చరాదు. తీగను, యంత్రాన్ని చూడాలి.

పాలు పోసిన ప్రతి సభ్యునికీ ఆ పూట చీటీ ఆ పూటే అందాలి. అది సంఘం బాధ్యత. కార్యదర్శులు ఈ పాఠాన్ని దగ్గర పెట్టుకుని, ఊరిలో చదువుకున్న ఒక యువకుని గాని, యువతిని గాని తోడు కూర్చోబెట్టుకుని, ఈ నెల బిల్లుల పని పూర్తయిన మరునాడు ఈ అమరికను పూర్తిచేయవలసిందిగా కోరుతున్నాం. నంబర్ల పేజీని రాబోయే పాలకవర్గ సమావేశంలో సభ్యుల ముందు ఉంచగలరు.